డైనోసార్ల చరిత్ర అనగానే మార్ష్, కోప్ కొట్లాటేనా? జోసెఫ్ లైడీ ఎక్కడ?

రేణుక_జంతుశాస్త్రం
డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. శిలాజాల పాఠం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అదే కథ ఎత్తుకుంటారు. అమెరికాలో ఓత్నియెల్ మార్ష్, ఎడ్వర్డ్ కోప్ అని ఇద్దరుండేవారు, ఎముకల కోసం జుట్లు పట్టుకున్నారు, చివరికి పత్రికలకెక్కి పరువు తీసుకున్నారు అని. కథ నిజమే. కానీ వాళ్ళిద్దరూ రంగంలోకి దిగకముందే ఆ దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ లైడీ పేరు ఎవరి నోటా రాదు.

ఆయన 1823లో పుట్టాడు. 1847లో అమెరికా శిలాజ గుర్రాల మీద రాశాడు. 1853లో నెబ్రాస్కా ప్రాంతపు ప్రాచీన జంతువుల మీద పెద్ద గ్రంథం వేశాడు. 1856లో అమెరికా నేలలో దొరికిన డైనోసార్ల పళ్ళకు తొలిసారి శాస్త్రీయ నామాలు పెట్టాడు. 1858లో హాడ్రోసారస్ అనే డైనోసార్‌ను వర్ణించాడు. మరోపక్క మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు, పరాన్నజీవుల మీద పరిశోధన. ఇంత చేసి, 1870లలో మార్ష్, కోప్‌ల పోటీ ముదిరేసరికి శిలాజాల పని పక్కన పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పోట్లాడినవాళ్ళకు పేజీలకు పేజీలు, దారి వేసినవాడికి అడుగున ఒక చిన్న పాదసూచిక. ఆయన అలా తప్పుకోవడం సబబేనా? తప్పుకున్నందుకే మరుగున పడ్డాడా? మీ అభిప్రాయాలు చెప్పండి.

నిజం_చెప్పు
గొడవ ఉన్నచోటే జనం మూగుతారు మేడం. రామాయణం చెప్పమంటే పిల్లలు యుద్ధకాండ దగ్గరే మొదలుపెడతారు కదా.

డెలావేర్_ఒడ్డు
మేముండేది దక్షిణ న్యూజెర్సీలో. హాడ్రోసారస్ దొరికిన హాడన్‌ఫీల్డ్ మా ఇంటికి దగ్గరే. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఆ ఊరంటే మంచి బడులు, పాత ఇళ్ళు, అంతే. డైనోసార్ సంగతి తెలియదు.

జరిగింది ఇది. అక్కడ జాన్ హాప్కిన్స్ అనే ఆయనకు పొలం ఉండేది. ఆ ప్రాంతంలో నేల కింద మార్ల్ అనే ఆకుపచ్చ మట్టి దొరుకుతుంది. రైతులు దాన్ని తవ్వి ఎరువుగా చల్లుకునేవారు. 1838 ప్రాంతంలో అలా తవ్వుతుంటే పెద్ద పెద్ద వెన్నుపూసలు బయటపడ్డాయి. చూడవచ్చిన చుట్టాలూ పక్కాలూ వింతగా ఉన్నాయని తలా ఒకటి పట్టుకుపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1858లో, ఆ ఊళ్ళో వేసవి గడుపుతున్న విలియం పార్కర్ ఫౌల్క్ అనే న్యాయవాది చెవిన ఈ మాట పడింది. అప్పటికి పాత గుంత పూడిపోయింది. ఫౌల్క్ కూలీలను పెట్టి ఆ చోటు వెతికించి మళ్ళీ తవ్వించాడు. ఎముకలు కనిపించగానే లైడీకి కబురు పెట్టాడు. హాడ్రోసారస్ ఫౌల్కీ అన్న పేరులో ఉన్నది ఆయనే.

మా అబ్బాయిని తీసుకెళ్ళి చూపించాను. ఇళ్ళ మధ్య ఓ వీధి చివర, చెట్ల కింద ఒక రాయి, దాని మీద ఫలకం. వెనకాల నేల ఒక్కసారిగా లోతుగా దిగిపోతుంది, అడుగున సన్నటి వాగు. ఎముకలు వచ్చింది ఆ లోయలోంచే. చూడవచ్చిన పిల్లలు ఫలకం దగ్గర ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మలు వదిలి వెళ్తుంటారు. బజారు మధ్యలో కంచు విగ్రహం కూడా ఉంది. 1991 నుంచి అది న్యూజెర్సీ రాష్ట్ర డైనోసార్.

ఇద్దరు_పిల్లల_తల్లి
@డెలావేర్_ఒడ్డు, చుట్టాలు పట్టుకుపోయిన ఆ వెన్నుపూసలు మళ్ళీ దొరికాయా?

డెలావేర్_ఒడ్డు
వాటి జాడ లేదు. ఫౌల్క్ రెండోసారి తవ్వించినప్పుడు వచ్చినవే ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ నేచురల్ సైన్సెస్‌కు చేరాయి. మా ఇంటి నుంచి వంతెన దాటితే అకాడమీ. దాని ముందు లైడీ విగ్రహం ఉంది.

నిజం_చెప్పు
అన్నీ దొరకలేదు, తల అసలే లేదు. అలాంటప్పుడు ఆ జంతువు ఎలా నిలబడేదో ఎలా చెప్పగలిగాడు? ఊహేనా?

ఎముకల_వైద్యుడు
ఊహ కాదు, కొలత. నా వృత్తే ఎముకలు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లైడీ బల్ల మీదికి వచ్చినవి వెన్నుపూసలు, ముందుకాలి ఎముకలు, వెనుకకాలి ఎముకలు, కటి ఎముకల్లో కొన్ని, దవడ ముక్కలు, కొన్ని పళ్ళు. పళ్ళు ఇంగ్లండ్‌లో దొరికిన ఇగ్వానోడాన్ అనే డైనోసార్ పళ్ళను పోలి ఉన్నాయి. అంటే శాకాహారి, ఇగ్వానోడాన్‌కు దగ్గరి చుట్టం. తర్వాత ఆయన భుజం నుంచి మోచేతి వరకు ఉండే ఎముకను, తొడ ఎముకను పక్కపక్కన పెట్టి చూశాడు. భుజం ఎముక తొడ ఎముకలో దాదాపు సగమే ఉంది. నాలుగు కాళ్ళ మీద సమంగా బరువు మోసే పెద్ద జంతువుకు ఇంత తేడా కుదరదు. ఏనుగులో చూడండి, ముందు వెనుక కాళ్ళు ఇంచుమించు ఒకే ఎత్తు. కాబట్టి ఈ జంతువు వెనుక కాళ్ళ మీద, తోక మీద బరువు ఆనించి కంగారూలా లేచి కూర్చుని కొమ్మలు మేసి ఉంటుందని రాశాడు.

దీని విలువ తెలియాలంటే అప్పటి పరిస్థితి తెలియాలి. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ సలహాతో నిలబెట్టిన డైనోసార్ బొమ్మలన్నీ నాలుగు కాళ్ళ మీద ఖడ్గమృగాల్లా ఉంటాయి. ఐరోపాలో అప్పటికి దొరికినవి ముక్కలే. ఒకే జంతువు తాలూకు ముందుకాలూ వెనుకకాలూ కలిసి ఇంత చక్కగా దొరకడం, దాన్ని చూసి ఈ మాట అనగలగడం లైడీతోనే మొదలు. తోక నేలకు ఆనించడం తప్పని ఇప్పుడు మనకు తెలుసు. తోక గాల్లో చాచి, నడుము అడ్డంగా పెట్టుకుని నడిచేదని నేటి అంచనా. మెల్లగా మేసేటప్పుడు ముందుకాళ్ళు నేలకు ఆన్చేదనీ అంటారు. అయినా ముందుకాళ్ళు, వెనుకకాళ్ళ తేడాను పట్టుకున్న ఆ చూపు మాత్రం సరైనదే.

డెలావేర్_ఒడ్డు
ఇందులో ఇంకో విశేషం ఉంది. లండన్‌లో ఆ నాలుగు కాళ్ళ బొమ్మలు చేసిన శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్సే తర్వాత అమెరికా వచ్చి, 1868లో లైడీ చెప్పినట్టు హాడ్రోసారస్ అస్థిపంజరాన్ని రెండు కాళ్ళ మీద నిలబెట్టాడు. ప్రపంచంలో డైనోసార్ అస్థిపంజరాన్ని నిలబెట్టి జనానికి చూపించడం అదే మొదటిసారి. లేని ఎముకలకు ప్లాస్టరుతో పూరింపులు చేశాడు. తల లేదు కాబట్టి ఇగ్వానా బల్లి తలను చూసి పెద్దదిగా మలిచి పెట్టాడు. జనం తాకిడికి అకాడమీవాళ్ళు తట్టుకోలేకపోయారు, ప్రవేశానికి కట్టుబాట్లు పెట్టాల్సి వచ్చింది.

పాత_మాస్టారు
తల లేని డైనోసార్ మన దగ్గరా ఉంది నాయనా. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ చూశారా? ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ వాళ్ళు తవ్విన ఎముకలవి. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. ఒళ్ళంతా దొరికింది కానీ పుర్రె దొరకలేదు, పళ్ళు రెండు మాత్రం దొరికాయి. ఇప్పుడు మనకు కనిపించే తల కల్పించి పెట్టిందే. మా బడి పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ముందు ఆ సంగతే చెప్పేవాణ్ణి. ఏది దొరికింది, ఏది పూరించారు అన్నది తెలిస్తేనే పిల్లలకు శాస్త్రం వంటబడుతుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి
నాలుగు సార్లు చూశాం, ఆ తల నిజమైందే అనుకున్నారు మా పిల్లలు. ఈ ఆదివారం మళ్ళీ ప్రయాణం తప్పదు మాస్టారూ.

సూక్ష్మదర్శిని
అందరూ ఎముకల దగ్గరే ఆగిపోయారు. నేను పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. మా దృష్టిలో లైడీ ముందు మైక్రోస్కోపు మనిషి.

1846లో ఒకరోజు భోజనంలో పంది మాంసం ముక్క తింటూ అందులో సన్నటి తెల్లని చుక్కలు గమనించాడు. శవాలను కోసే గదిలో మనుషుల కండరాల్లో అలాంటి చుక్కలే చూసి ఉన్నాడు. మిగిలిన ముక్క తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాడు. చుట్టలు చుట్టుకుని తిత్తుల్లో పడుకున్న ట్రైకినా పురుగులు! మనిషి కండరంలో ఉండే ఆ పురుగును 1835లో లండన్‌లో కనుక్కున్నారు, ఓవెన్ పేరు పెట్టాడు. అది ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. పందిలోనూ అదే ఉందని మొదట చెప్పింది లైడీ. అది మనిషిని చంపగలదని, పంది మాంసం ద్వారానే వస్తుందని జర్మనీలో ట్సెంకర్ నిరూపించింది 1860లో. మధ్యలో పద్నాలుగేళ్ళు. ఆ చిన్న ప్రకటన విలువ అప్పుడే గ్రహించి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో.

పంది మాంసం బాగా ఉడికించి తినమని ఈ రోజు వైద్యులు చెబుతున్నారంటే దాని వెనుక ఉన్న వరుసలో మొదటి మనిషి ఈయన.

నిజం_చెప్పు
ఎవరైనా అయితే ఆ ముక్క అవతల పారేసి చేతులు కడుక్కునేవారు. ఈయన ల్యాబుకు పట్టుకెళ్ళాడు!

సూక్ష్మదర్శిని
ఇంకొకటి వినండి. అదే కాలంలో ఒక హత్య కేసులో నిందితుడు తన బట్టల మీది మరకలు కోడి రక్తం అన్నాడట. లైడీ చూసి, ఈ ఎర్ర కణాల్లో కేంద్రకాలు లేవు, కాబట్టి కోడిది కాదు అని చెప్పాడని, దాంతో నిందితుడు నేరం ఒప్పుకున్నాడని ఆయన జీవిత కథల్లో ఉంటుంది. శాస్త్రం వరకు పక్కా. పక్షుల ఎర్ర రక్తకణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉండి మధ్యలో ముదురు కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది, మనిషి కణాల్లో ఉండదు. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ రెండు స్లైడ్లే ముందు చూపిస్తాం.

పచ్చిక_బయలు
రేణుక గారూ, మీరు శిలాజ గుర్రాలన్నారు. గుర్రాలను అమెరికాకు తెచ్చింది స్పెయిన్‌వాళ్ళు కదా? మరి లైడీకి అక్కడ శిలాజాలు ఎలా దొరికాయి?

రేణుక_జంతుశాస్త్రం
లైడీ గొప్పతనం తెలిసేది ఈ ప్రశ్నతోనే. అక్కడక్కడా గుర్రం పళ్ళు దొరుకుతూనే ఉండేవి. స్పెయిన్‌వాళ్ళ గుర్రాలవే అయి ఉంటాయని చాలామంది కొట్టిపారేసేవారు. లైడీ ఆ పళ్ళ మీది ఎనామెల్ మడతలను ఒక్కొక్కటిగా పోల్చి, ఇవి నేటి గుర్రానివి కావు, అంతరించిన జాతులవి, ఇక్కడే ఉండి ఇక్కడే పోయాయి అని తేల్చాడు. గుర్రాల వంశం పుట్టి పెరిగింది ఉత్తర అమెరికాలోనే అని ఇప్పుడు తెలుసు. సుమారు పదివేల ఏళ్ళ కిందట అక్కడ అంతరించిపోయాయి. కొలంబస్ తర్వాత ఓడల్లో వచ్చినవి ఒకరకంగా పుట్టింటికి వచ్చినట్టే.

1876లో డార్విన్‌ను సమర్థించిన బ్రిటన్ శాస్త్రవేత్త హక్స్‌లీ అమెరికా వచ్చి మార్ష్ సేకరించిన గుర్రాల వరుసను చూసి పరిణామానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదన్నంతగా సంబరపడ్డాడు. పాఠ్యపుస్తకాల్లో అది ఉంటుంది. దానికి దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందు లైడీ వేసిన మొదటి అడుగు ఉండదు.

బండరాయి
భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి, కాస్త ఎదురు చెబుతాను. లైడీని ఆకాశానికి ఎత్తకండి. 1856లో మోంటానా నుంచి ఫెర్డినాండ్ హేడెన్ పంపిన విడి పళ్ళు చూసి నాలుగు పేర్లు పెట్టాడు: ట్రోడాన్, డైనోడాన్, ట్రాకోడాన్, పేలియోసింకస్. వాటిలో ట్రోడాన్‌ను బల్లి జాతి అనుకున్నాడు. ట్రాకోడాన్, డైనోడాన్ పేర్లను ఇప్పుడు నిపుణులు లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే విడి పన్ను చూసి ఏ జాతో చెప్పడం కుదరదు. హాడ్రోసారస్ పేరు కూడా చెల్లదని కొందరు వాదించారు. పైగా ఆయన సిద్ధాంతమంటూ ఏదీ ఇవ్వలేదు. చూశాడు, రాశాడు, బొమ్మ గీశాడు. అంతే.

రేణుక_జంతుశాస్త్రం
@బండరాయి, "అంతే" అని తేలిగ్గా అనేశారు. చూసింది చూసినట్టు రాయడం ఎంత కష్టమో మార్ష్, కోప్ హడావిడిలో పెట్టిన పేర్ల గందరగోళం చూస్తే తెలుస్తుంది. 1872లో వ్యోమింగ్‌లోని బ్రిడ్జర్ ప్రాంతంలో ముగ్గురూ ఒకే రకం కొమ్ముల జంతువు మీద పడ్డారు. లైడీ దానికి యూయింటాథీరియం అని పేరు పెట్టాడు. కోప్ పేరు ముందుగా నమోదు కావాలన్న ఆత్రంలో టెలిగ్రాం కొడితే, అది దారిలో అక్షరాలు తారుమారై తప్పు పేరుతో అచ్చయింది. మార్ష్ డైనోసెరాస్ అన్నాడు. చివరికి నిలిచింది లైడీ పేరే.

విడి పళ్ళ మాట ఒప్పుకుంటాను, కానీ 1856లో ఎవరి దగ్గరైనా ఉన్నవి అవే. హాడ్రోసారస్ పేరు చెల్లుతుందని 2011లో వచ్చిన పరిశీలన చెప్పింది. సిద్ధాంతం లేదన్నారు, ఆయన స్వభావమే అది. అయినా డార్విన్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1860లో, డార్విన్‌ను అకాడమీ సభ్యుడిగా ఎన్నుకోవడానికి ప్రతిపాదించినవాళ్ళలో లైడీ ఉన్నాడు. అమెరికాలో చాలామంది పెద్దలు మొహం చిట్లించుకుంటున్న రోజులవి.

బండరాయి
డార్విన్ సంగతి గట్టి పాయింటే. కానీ విడి పళ్ళకు పేర్లు పెట్టడం మంచి అలవాటు కాదన్న నా మాట మీద నేనుంటాను.

నిజం_చెప్పు
ఎలాస్మోసారస్ అనే పొడవాటి మెడ ఉన్న ప్రాచీన సముద్ర సరీసృపానికి తల తోక చివర పెట్టింది కోపే కదా? మార్ష్ చూసి ఎగతాళి చేశాడని, అక్కడి నుంచే పగ మొదలైందని విన్నాను.

ఎముకల_వైద్యుడు
అది మార్ష్ ఇరవై ఏళ్ళ తర్వాత, 1890లో పత్రికల్లో గొడవ రచ్చకెక్కినప్పుడు చెప్పుకున్న కథ. అచ్చులో ఉన్న సాక్ష్యం వేరు. కాన్సస్ నుంచి వచ్చిన ఆ ఎముకల్లో మెడ పూసలను తోక పూసలుగా కోప్ లెక్కేశాడు. దాంతో పొట్టి మెడ, పొడవాటి తోక ఉన్న జంతువు తయారైంది. 1870లో అకాడమీ సమావేశంలో పూసల వరుస తలకిందులైందని వివరించి చెప్పింది లైడీ. కోప్ ఒకప్పుడు ఈయన దగ్గర చదువుకున్నవాడే. తప్పు బొమ్మ ఉన్న ప్రతులను కోప్ వెనక్కి తెప్పించుకునే ప్రయత్నం చేశాడని కూడా లైడీ బయటపెట్టాడు. మెతక మనిషి అని అందరూ అనే వ్యక్తి శిష్యుడన్న మొహమాటం పెట్టుకోలేదు. నాకు ఇది చాలా నచ్చింది.

పాత_మాస్టారు
గురువంటే అలా ఉండాలి.

చెదలపుట్ట
వ్యవసాయ శాఖలో పనిచేసి వచ్చినవాణ్ణి. చెదలు కర్రను ఎలా అరిగించుకుంటాయి అన్న ప్రశ్నకు తొలి తలుపు తెరిచింది లైడీయే అని ఎవరూ చెప్పలేదేం? 1870లలో చెదపురుగు పేగును నీటిబొట్టులో చిదిపి చూస్తే లెక్కలేనన్ని సూక్ష్మజీవులు బయటికి ఉరికాయి. కిక్కిరిసిన ప్రార్థనా మందిరం తలుపులోంచి జనం తోసుకొచ్చినట్టు ఉందని రాశాడు. అందులో ఒకదానికి ట్రైకోనింఫా అని పేరు పెట్టాడు. ఒళ్ళంతా పొడవాటి కేశాలు, గంట ఆకారం. అవి లేకపోతే చెద కర్ర తిన్నా ఆకలితో చచ్చిపోతుందని 1920లలో ఇతరులు తేల్చారు. మీ తలుపు చట్రం తింటున్నది చెద ఒక్కటే కాదు, దాని పేగులో కాపురమున్న ప్రాణులూ కలిసి తింటున్నాయి.

ఇద్దరు_పిల్లల_తల్లి
మా వంటింటి అలమరా గుర్తుచేశారు.

డెలావేర్_ఒడ్డు
మొదటి ప్రశ్నకు వద్దాం. ఆయన ఎందుకు తప్పుకున్నాడు? నాకు అర్థమైనంతలో ముఖ్య కారణం డబ్బు. మొదట్లో పడమటి ప్రాంతాలకు వెళ్ళిన హేడెన్ లాంటివాళ్ళు దొరికిన ఎముకలన్నీ లైడీకే ఉచితంగా పంపేవారు, చదవగలిగినవాడు ఆయనే కాబట్టి. తర్వాత మార్ష్‌కు మేనమామ జార్జ్ పీబాడీ సంపద అండగా నిలిచింది. కోప్‌ది కలిగిన కుటుంబం. ఇద్దరూ డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టారు. ఒకప్పుడు నాకు ఊరికే వచ్చేవాటికి వాళ్ళు వెల కడుతున్నారు, నేను పోటీ పడలేను అని లైడీ తనతో అన్నట్టు బ్రిటన్ భూగర్భ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ గైకీ రాశాడు. లైడీది పాఠాలు చెప్పుకుని బతికే జీతం.

బండరాయి
డబ్బు లేకపోతే పోరాడాలి. రంగం వదిలి వెళ్ళడం దేనికి? ఆయన నిలబడి ఉంటే ఆ ఇద్దరికీ పగ్గం వేసే పెద్దమనిషి ఒకరుండేవారు. వెళ్ళిపోయాడు కాబట్టే అంత అరాచకం. ఈ విషయంలో ఆయనను తప్పుపడతాను.

సూక్ష్మదర్శిని
దేనితో పోరాడాలి? వేలంపాటలోనా? ఆయన వెళ్ళింది ఖాళీగా కూర్చోవడానికి కాదు. గుంటల్లో, నాచులో, బురదలో ఉండే అమీబాల వంటి ఏకకణ జీవులను ఏళ్ళ తరబడి చూసి 1879లో ఉత్తర అమెరికా మంచినీటి రైజోపాడ్‌ల మీద గ్రంథం వేశాడు. రంగుల్లో నలభై ఎనిమిది చిత్ర ఫలకాలు, బొమ్మలు ఆయన గీసినవే. ఒక్కో అమీబా కదులుతూ ఆకారం మార్చుకుంటుంటే వరుసగా గీశాడు. ఇసుక రేణువులు ఏరుకుని గూడు కట్టుకునే డిఫ్లూజియా బొమ్మలో ఒక్కో రేణువూ విడిగా కనిపిస్తుంది. ఆ జీవుల మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ ఆ ఫలకాలు తిరగేస్తారు. గుప్పెడు బురద, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు, అక్కడ ఎవరి డబ్బూ అడ్డురాదు.

బండరాయి
అందంగా ఉంటాయి, కాదనను. కానీ అది శిలాజాలకు జరిగిన నష్టాన్ని పూడ్చదు. అవసరమైన సమయంలో వదిలేశాడన్నది మారదు.

ఎముకల_వైద్యుడు
పూర్తిగా వదిలేశాడన్న మాటే నిలవదు. మార్ష్, కోప్ పడమటి రాష్ట్రాల మీద పడి ఉంటే, 1880లలో ఫ్లోరిడా నుంచి వచ్చిన ఎముకలను లైడీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అక్కడి ఖడ్గమృగాలు, ఏనుగు జాతులు, ఒంటెల బంధువుల మీద వరుసగా రాశాడు. 1891 ఏప్రిల్‌లో చనిపోయే నాటికి ఆ పని ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. అలాచువా బంకమట్టి శిలాజాల మీద ఆయన రాసి వదిలిన ప్రతిని ఇతరులు సరిచూసి 1896లో అచ్చు వేశారు. కాబట్టి @బండరాయి, వేలంపాట జరిగే చోటు నుంచి తప్పుకున్నాడు అనండి, ఒప్పుకుంటాను. శిలాజాలను వదిలేశాడంటే ఒప్పుకోను.

రేణుక_జంతుశాస్త్రం
ఫ్లోరిడా పని సంగతి ఇంత వివరంగా నాకూ తెలియదు. వచ్చే వారం పాఠంలో హాడ్రోసారస్‌తో మొదలుపెట్టి అలాచువా దాకా చెబుతాను. మార్ష్, కోప్‌లకు చివర్లో సమయం మిగిలితే చూద్దాం. @సూక్ష్మదర్శిని, కోడి రక్తం స్లైడు ఫొటో ఉంటే ఇక్కడ పెట్టగలరా? పిల్లలకు చూపించాలి.

సూక్ష్మదర్శిని
రేపు డ్యూటీలో తీసి పెడతాను. మనిషిది, కోడిది పక్కపక్కనే.